మిర్చి షెడ్డుకు విదేశీ ఆడిట్: కాటా దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: గుంటూరు శివార్లలో మాకు మిర్చి షెడ్డు ఉంది. తొడిమలు తీయించి, జల్లెడ పట్టించి, కొంత కారం ఆడించి ఎగుమతిదారుకు ఇస్తాం. 48 మంది ఆడవాళ్లు, 14 మంది మగవాళ్లు పనిచేస్తారు. ఆడవాళ్లలో 30 మందిని మేస్త్రి తీసుకొస్తాడు. కూలి కిలో లెక్కన ఇస్తాం. సీజన్‌కు ముందు అడ్వాన్సు కూడా ఇస్తాం. పని ఎక్కువైతే కొంత కాయ ఊళ్లలో ఇళ్లకు పంపిస్తాం. ఇప్పుడు జర్మనీ కంపెనీ సరఫరాదారుల నియమావళి పంపి సంతకం పెట్టమంటోంది. ఆరు వారాల్లో స్మెటా ఆడిట్ (కార్మికుల పని పరిస్థితుల తనిఖీ) అట. ఏడాది రిజిస్టర్లన్నీ పది రోజుల్లో రాసిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. ఆయన్ను పెట్టుకోవచ్చా? మేం నిజంగా చేయాల్సింది ఏమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందు ఆ కన్సల్టెంట్‌కు వద్దని చెప్పండి. ఇది నీతి కోసం మాత్రమే అంటున్న మాట కాదు. మీ షెడ్డులో ఇప్పుడున్న లోపాల్లో చాలావరకు దిద్దుకోగలిగినవే. దొంగ రిజిస్టరు దొరికితే మాత్రం మీ కాగితాల్లో దేన్నీ ఇక నమ్మరు. అది దొరకకుండా ఉండటమూ కష్టమే. మార్చి 14న ఆరింటికే అందరూ ఇళ్లకు వెళ్లినట్టు హాజరు పట్టీలో రాసి ఉంటుంది. అదే రోజు రాత్రి తొమ్మిదికి కోల్డ్ స్టోరేజీ నుంచి టిక్కీలు (మిర్చి సంచులు) దిగినట్టు డెలివరీ స్లిప్పు ఉంటుంది. కరెంటు బిల్లు, గేటు పుస్తకం, కాటా చీటీలు, లారీ వే బిల్లు అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడటమే ఆడిటర్ పని. ఏడాది పట్టీ అంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఎక్కడా నలగని కాగితం మీద ఉంటే అదీ కనిపెడతారు.

స్మెటాలో పాస్, ఫెయిల్ ఉండవు, సర్టిఫికెట్టూ ఇవ్వరు. సెడెక్స్ అనే సంస్థ పద్ధతి ఇది. దీనికి ఎథికల్ ట్రేడింగ్ ఇనిషియేటివ్ వారి తొమ్మిది సూత్రాల బేస్ కోడ్ ఆధారం. దొరికిన లోపాలను తీవ్రతను బట్టి మైనర్, మేజర్, క్రిటికల్ అని రాస్తారు. ఏది ఎప్పటిలోగా సరిచేయాలో చెప్పే దిద్దుబాటు పట్టిక ఒకటి ఇస్తారు. కొనేవాళ్లు ఆ పట్టికనే చూస్తారు. పది లోపాలు బయటపడి, ఎనిమిదింటిని గడువులో సరిచేసిన షెడ్డుతో కంపెనీలు వ్యాపారం కొనసాగిస్తాయి. జర్మనీలో 2023 నుంచి 3,000 మంది, 2024 నుంచి 1,000 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు సరఫరా గొలుసు చట్టం వర్తిస్తోంది. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును యూరోపియన్ యూనియన్ మార్కెట్‌లో నిషేధించే నిబంధన 2027 డిసెంబర్ 14 నుంచి వర్తిస్తుంది. మీ షెడ్డు గురించి వాళ్లు అక్కడ జవాబు చెప్పాలి. అందుకే ఇంత పట్టుదల.

మన చట్టమూ మారింది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఎంతమంది ఉంటే ఏది వర్తిస్తుందన్న లెక్క కొన్నిచోట్ల పాత చట్టాలకు భిన్నంగా ఉంది. ఏది పట్టుకోవాలో తెలియక చాలామంది తికమక పడుతున్నారు. బేస్ కోడ్ సూత్రం సులువైనది: చట్టం, నియమావళి రెండూ ఒకే విషయం గురించి చెబితే కార్మికులకు ఏది ఎక్కువ రక్షణ ఇస్తుందో దాన్నే పాటించాలి. మీ దగ్గర 62 మంది ఉన్నారు కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ, శిశు సంరక్షణ గది, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ అన్నీ పాత లెక్కలోనూ కొత్త లెక్కలోనూ వర్తిస్తాయి. మా మనుషులు 32 మందే, మిగతావాళ్లు మేస్త్రి మనుషులు అనే వాదన ఆడిట్‌లో నిలవదు.

ఇక కూలి. కిలో లెక్కన ఇవ్వడం తప్పు కాదు. కానీ ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి ఆ రోజు కనీస వేతనం తప్పనిసరిగా అందాలి. మీ పనికి వర్తించే రేటును కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కోండి. కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి కనీస వేతనం రోజుకు 450 రూపాయలు అనుకుందాం. సగటు మనిషి ఎనిమిది గంటల్లో 35 కిలోలు తీస్తుంది, మీరు కిలోకు 12 ఇస్తున్నారు. వచ్చేది 420. అంటే సగటు మనిషికే 30 రూపాయలు తక్కువ పడుతోంది. అప్పుడు తప్పు మనిషిది కాదు, రేటుది. కిలోకు 13 చేస్తే 455 వస్తుంది. ఆ తర్వాత కూడా 30 కిలోలే తీయగలిగిన పెద్దావిడకు 390 వస్తుంది కదా, మిగతా 60 మీరు కలపాలి. వేతన చీటీలో దాన్ని ‘కనీస వేతన భర్తీ’ అని విడిగా చూపించండి.

రేటు కట్టేటప్పుడు అందరికంటే వేగంగా తీసే నలుగురిని చూసి కట్టకూడదు. పది పదిహేను మందిని, రకరకాల వయసుల వాళ్లను, రకరకాల కాయ మీద మూడు రోజులు తూచి చూడండి. తేజ లాంటి సన్న కాయ తీసినా కిలోలు తూగవు, లావు కాయ త్వరగా తూగుతుంది. తాలు ఎక్కువగా ఉన్న లాటు ఏరడానికే సగం పూట పోతుంది. కాబట్టి రకానికో రేటు ఉండాలి. ఆ మూడు రోజుల తూకం కాగితాలు దాచిపెట్టండి. రేటు ఎలా కట్టారని అడిగితే చూపించాల్సినవి అవే.

ఆడిటర్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడినప్పుడు కాటా మాట రాకుండా ఉండదు. తూకంలో తరుగు తీయడం, సంచి బరువని అర కిలో కొట్టేయడం, తొడిమతో తూచి ఇచ్చి తొడిమ లేకుండా తూచి కూలి కట్టడం, ఇవన్నీ కూలి కోతలే. ఏ తూకం మీద కూలి కడుతున్నారో బోర్డు మీద తెలుగులో రాయండి. కాటా అంకె పని చేసిన మనిషికి కనిపించేలా తిప్పి పెట్టండి. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు చూసుకోండి. ప్రతి మనిషికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చి రోజువారీ కిలోలు ఆమె ముందే రాయండి. ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉండాలి. మీ దగ్గర ఉన్న రిజిస్టరుకూ ఆమె దగ్గరున్న పుస్తకానికీ లెక్క కలిస్తే ఆడిట్‌లో సగం బరువు దిగినట్టే.

మేస్త్రి సంగతి ఇంకా సున్నితం. తొడిమ తీయడం మీ వ్యాపారంలో అసలు పని. అసలు పనికి కాంట్రాక్టు మనుషులను పెట్టడంపై చట్టంలో ఆంక్షలున్నాయి. ఆ 30 మందిని నేరుగా మీ పేరోల్ మీదికి తెచ్చుకోవడమే శుభ్రమైన దారి. మేస్త్రిని పంపేయక్కర్లేదు. ఆయన్ను సూపర్‌వైజరుగా పెట్టుకుని జీతం మీరివ్వండి. మనుషులను తెచ్చినందుకు కమీషన్ ఇవ్వాలనుకుంటే అదీ మీ జేబులోంచే పోవాలి, ఆడవాళ్ల కూలిలోంచి రూపాయి కూడా తెగకూడదు. డబ్బు ఎవరి ఖాతాలోకి వారికే వేయండి. నెలాఖరుకు కట్టే పద్ధతైతే తర్వాతి నెల 7వ తేదీ దాటకూడదు. ఒకే ఫోన్ నంబరు పది ఖాతాలకు ఉందంటే డబ్బు ఇంకా మేస్త్రి చేతిలోంచే పోతోందని అర్థం. అది మీరే ముందు చూసుకోండి.

అడ్వాన్సు దగ్గర ప్రమాదం ఎక్కువ. ‘అప్పు తీరేదాకా ఇక్కడే చేయాలి’ అన్న మాట వచ్చిందంటే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పరిధిలోకి పోతుంది. కొనేవాళ్ల భాషలో అది బలవంతపు చాకిరీ. అడ్వాన్సు ఇవ్వొచ్చు, కానీ వడ్డీ ఉండకూడదు. ఎంత ఇచ్చారు, నెలకు ఎంత కోస్తారు అన్నది తెలుగు కాగితం మీద రాసి ఒక ప్రతి ఆమెకివ్వాలి. అన్ని కోతలూ కలిపి కూలిలో సగం దాటకూడదు. మధ్యలో మానేస్తానంటే చేసిన పనికి కూలి ఆపకూడదు. మిగిలిన బాకీ విడిగా తేల్చుకోవాల్సిందే. అసలు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు లాంటివి మీ బీరువాలో గానీ మేస్త్రి దగ్గర గానీ ఒక్కటి ఉన్నా ఈ రోజే తిరిగిచ్చేయండి. వయసు రుజువుకు జిరాక్సు చాలు.

ఇళ్లకు కాయ పంపడం ఆపేయడమే మా సలహా. అక్కడ ఎవరు తీస్తున్నారో మీకు తెలియదు. బడి నుంచి వచ్చిన పిల్లలు అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీయడం చాలా ఇళ్లలో మామూలే. వాళ్ల కళ్లకూ చేతులకూ ఆ ఘాటు ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. దీన్ని ఆడిట్‌లో దాచలేరు కూడా. మీ 48 మంది సామర్థ్యాన్ని మించి సరుకు బయటికి పోయిందంటే మిగతాది ఎక్కడ తయారైందని అడుగుతారు. సీజన్‌లో తప్పదనుకుంటే ఆ ఊళ్లోనే ఒక గది అద్దెకు తీసుకుని, కాటా, హాజరు పెట్టి, దాన్ని కూడా మీ పని స్థలంగా కంపెనీకి ముందే చెప్పండి.

పిల్లల మాట ఇక్కడే పూర్తి చేద్దాం. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం చట్టరీత్యా నిషేధం. బేస్ కోడ్ మామూలుగా 15 అంటుంది. మీరు 18 నిండినవాళ్లనే తీసుకోండి, ఈ ఘాటులో అదే సరైనది. పనిలో పెట్టకపోయినా షెడ్డులో తల్లి పక్కన కూర్చున్న పిల్లవాడి చేతిలో కాయ కనిపిస్తే దాన్ని బాల కార్మికం అనే రాస్తారు. ఆరేళ్లలోపు పిల్లలకు ఘాటు తగలని వైపు, గాలి వచ్చే వైపున ఒక గది, ఫ్యాను, చాపలు, మంచినీళ్లు, చూసుకోవడానికి ఒక ఆయా ఉండాలి. అసలు చిక్కు ఆరు దాటిన పిల్లలతో వస్తుంది. వేసవి సెలవులు మొదలయ్యే నాటికి మీ పని ఇంకా ముమ్మరంగానే ఉంటుంది, ఇంటి దగ్గర చూసేవాళ్లుండరు. తల్లులు వెంట తీసుకొస్తారు. గేటు దగ్గర వెనక్కి పంపేస్తే ఆమె ఆ రోజు కూలి పోతుంది. ఆ నెలన్నర అదే గదిని వాళ్లకూ తెరిచి ఉంచండి, షెడ్డు లోపలికి మాత్రం రానివ్వొద్దు.

పని గంటలు. వారానికి 48, ఓవర్‌టైం 12 కలిపి మొత్తం 60 దాటకూడదు, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు ఉండాలి. ఇది బేస్ కోడ్ లెక్క. అంటే ముమ్మర సీజన్‌లో కూడా ఆరు రోజులు, రోజుకు పది గంటలు. ఓవర్‌టైం ఇష్టమైతేనే చేయాలి, కూలి రెట్టింపు ఇవ్వాలి. కిలో లెక్క మనుషులకు రెట్టింపు ఎలా కట్టాలో తెలియక చాలాచోట్ల మామూలు కిలో రేటే ఇచ్చేస్తారు. పాత ఫ్యాక్టరీల చట్టం చూపిన దారి ఇప్పటికీ పనికొస్తుంది: అంతకు ముందు నెలలో అదే పని మీద ఆమె రోజు సగటు సంపాదన తీసుకోండి. అది 480 అయితే గంటకు 60, ఓవర్‌టైం గంటకు 120. ఆడిటర్లు సాధారణంగా పన్నెండు నెలల కాగితాలు సిద్ధంగా ఉంచమని చెప్పి, అందులో ముమ్మర నెల, ఖాళీ నెల, తాజా నెల తీసి చూస్తారు. మీ ముమ్మర నెలలో 60 గంటలు దాటి ఉంటే దాటినట్టే చూపించండి. పక్కన, వచ్చే సీజన్‌లో రెండో బ్యాచ్‌కు ఎంతమందిని పెట్టుకుంటున్నారో రాసిన కాగితం ఉంచండి.

పీఎఫ్, ఈఎస్ఐ వెనక తేదీలతో పుట్టించలేరు. ఈ వారమే నమోదు మొదలుపెట్టండి. ఆధార్‌లో ‘వెంకట లక్ష్మి’, బ్యాంకులో ‘వి. లక్ష్మమ్మ’ అని ఉన్న పేర్ల దగ్గరే రోజులు గడిచిపోతాయి. ముందు ఆ జాబితా తీయండి. రోజుకు 450 చొప్పున 26 రోజులకు 11,700 అయితే ఆమె వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,404, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 88 రూపాయలు. మీ వైపు పీఎఫ్ నిర్వహణ ఖర్చు, బీమాతో కలిపి 13 శాతం అంటే 1,521, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 381. చేతికొచ్చేది 1,492 తగ్గుతుందంటే ఆడవాళ్లు ఒప్పుకోరు, అది న్యాయమైన భయమే. కూర్చోబెట్టి చెప్పండి: ఈఎస్ఐ అర్హత వచ్చాక జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు కూలిలో 70 శాతం వస్తుంది, కాన్పుకు 26 వారాల పూర్తి కూలి వస్తుంది, ఇంట్లో వాళ్లకూ వైద్యం ఉంటుంది. పీఎఫ్‌లో ఆమె కట్టినంత మీరూ కడుతున్నారని ఫోనులో ఎలా చూసుకోవాలో చూపించండి. మేం వద్దన్నామని సంతకాలు తీసుకుని మానేయడం చెల్లదు. పాత నెలల బకాయి ఉందని ఆడిటర్‌కు దాచకుండా చెప్పి, ఎప్పటి నుంచి ఎలా కడతారో పీఎఫ్ వ్యవహారాలు చూసే అకౌంటెంట్‌తో రాయించుకోండి.

ఆరోగ్య భద్రతలో మిర్చికి ప్రత్యేకమైన చిక్కు దుమ్ము. దుమ్ము లేవకుండా కాయ మీద నీళ్లు చల్లడం మన దగ్గర అలవాటు. దయచేసి మాన్పించండి. తేమ 11–12 శాతం దాటిన కాయలో బూజు పడుతుంది, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. యూరప్‌లో మిర్చికి మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. ఆడిట్ గట్టెక్కినా కంటైనరు వెనక్కి వస్తుంది. దుమ్మును పుట్టిన చోటే పట్టుకోవాలి: జల్లెడ మీద మూత, దానికి గాలి లాగే గొట్టం, సంచి ఫిల్టరు. కారం మిల్లును తొడిమ తీసే హాలు నుంచి గోడతో వేరుచేయాలి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ దుమ్మును ఆపవు. భారత ప్రమాణం 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు జల్లెడ, మిల్లు దగ్గరివాళ్లకు తప్పనిసరి. చేతికి నూలు గ్లౌజులు ఇస్తే కాయ నూనె పీల్చుకుని రోజంతా చర్మానికి అంటిపెట్టుకుని ఉంటుంది, మంట ఎక్కువవుతుంది. నైట్రైల్ గ్లౌజులు ఇవ్వండి. చేతి మంట ఉత్తి నీళ్లతో పోదు, కొంచెం వంటనూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి. ఆ కొళాయి, సబ్బు మరుగుదొడ్డి దగ్గరే కాక పని దగ్గర కూడా ఉండాలి. కంట్లో పడితే పారే మంచినీటితో పదిహేను నిమిషాలు కడగాలి.

మరుగుదొడ్లు 25 మంది ఆడవాళ్లకు ఒకటి చొప్పున కనీసం రెండు ఉండాలి. లోపలి గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. టాయిలెట్‌కు వెళ్లడానికి మేస్త్రిని అడగాలన్న పద్ధతి ఉంటే తీసేయండి, నీళ్లు తాగడం మానేసి మూత్ర వ్యాధులు తెచ్చుకునేది అందుకే. రేకుల షెడ్డులో గుంటూరు ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. పైకప్పుకు టర్బో వెంటిలేటర్లు, మధ్యాహ్నం విరామం పెంచి ఉదయం త్వరగా మొదలుపెట్టడం తక్కువ ఖర్చు మార్గాలు.

నిప్పు గురించి రెండు మాటలే. గోనె సంచులు, ఎండు కాయ, కారం దుమ్ము ఉన్న చోట దారి మూసుకోకూడదు. సరుకు పోతుందని వెనక తలుపుకు తాళం వేసి ఉంటే ఆడిటర్ మొదట రాసేది అదే. పని జరుగుతున్నంతసేపూ రెండు వైపులా తలుపులు తాళం లేకుండా, బయటికి తెరుచుకునేలా ఉండాలి, వాటి ముందు టిక్కీలు పేర్చకూడదు. స్విచ్ బోర్డుల మీద దుమ్ము వారానికోసారి తుడిపించండి. మిల్లు బెల్టులకు, జల్లెడ మోటారుకు కంచె బిగించండి. ఏడాదికి రెండుసార్లు మొత్తం షెడ్డును ఖాళీ చేయించి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి.

వందలోపు మనుషులున్న చోట సాధారణంగా ఆడిట్ ఒక రోజు ఉంటుంది, పది మందితో మాట్లాడతారు. ఆ గదిలో మీరు గానీ మేస్త్రి గానీ ఉండకూడదు. ఏం చెప్పాలో నేర్పించొద్దు. పది మందీ ఒకే మాట ఒకే వరసలో చెబితే నేర్పించారని రాసేస్తారు. మీరు చేయాల్సింది వేరే ఉంది: నియమావళిలోని ముఖ్య విషయాలు తెలుగులో చదివి వినిపించి, మీ ఇష్టం వచ్చింది చెప్పండి, ఎవరి మీదా కక్ష ఉండదు అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్లకు వాళ్ల భాషలో చెప్పించండి. ఇంగ్లిష్ పోస్టరు గోడకు అంటిస్తే లెక్కలోకి రాదు. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలుగా, సగానికి తగ్గకుండా మహిళలు, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. మేస్త్రి భార్యను అందులో పెట్టొద్దు. ఇతర ఫిర్యాదుల కమిటీలో యాజమాన్యం వైపు, కార్మికుల వైపు సమాన సంఖ్య ఉండాలి. యూనియన్ ఉండాలని నియమం లేదు, పెట్టుకుంటామంటే అడ్డుపడకూడదు. ఆడిటర్‌కు మామూలు భోజనం పెట్టొచ్చు. కవరు మాత్రం ఇవ్వబోవద్దు, అది రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఆరు వారాల్లో అన్నీ కావు. మొదటి వారంలో తలుపుల తాళాలు, కార్డుల తిరిగి అప్పగింత, ఇళ్లకు కాయ ఆపడం, పిల్లల గది, పీఎఫ్–ఈఎస్ఐ నమోదు. రెండు, మూడు వారాల్లో తూకం పరీక్ష, కొత్త రేటు, పుస్తకాలు, నియామక పత్రాలు, ఖాతాలు. ఆ తర్వాత కమిటీలు, దుమ్ము పీల్చే గొట్టం. గొట్టం ఆలస్యమైతే ఆర్డరు కాగితం, అడ్వాన్సు రసీదు చూపించండి, అది ప్రణాళిక ఉన్నట్టు లెక్క. నియమావళి మీద సంతకం పెట్టేముందు ఇప్పటికి పాటించలేని అంశాలు ఇవి, ఫలానా తేదీకి సరిచేస్తాం అని ఒక ఉత్తరం జతచేయండి. ఏమీ చెప్పకుండా సంతకం పెడితే, ఆడిట్‌లో ఆ లోపం బయటపడిన రోజు అది మీరు చెప్పిన అబద్ధం అవుతుంది.

ఖర్చు మీరొక్కరే మోయాల్సిన పని లేదు. పై లెక్కలోనే చూడండి: నెలకు 26 రోజులు, రోజుకు 35 కిలోలు అంటే 910 కిలోలు. మీ వాటా పీఎఫ్, ఈఎస్ఐ 1,902 రూపాయలను దానితో భాగిస్తే కిలోకు 2 రూపాయల 9 పైసలు. రేటు 12 నుంచి 13కు పెంచినందుకు ఇంకో రూపాయి. నెమ్మదిగా తీసేవాళ్లకు ఇచ్చే భర్తీ కాకుండానే కిలోకు మూడు రూపాయలు దాటింది. మీ అసలు అంకెలు వేసి ఇదే లెక్క ఒక పేజీ మీద రాసి, ఎగుమతిదారుకు, ఆయన ద్వారా కంపెనీకి పంపండి. ఆర్డరు సమాచారం కనీసం ఎన్ని వారాల ముందు కావాలో కూడా అందులోనే రాయండి, చివరి నిమిషం ఆర్డర్ల వల్లే గంటలు 60 దాటుతున్నాయని తేదీలతో చూపించండి. సీజన్ ధర కుదిరాక ఈ మాట ఎత్తితే వినేవాళ్లుండరు కాబట్టి ఆ కాగితం నియమావళి సంతకంతో పాటే వెళ్లాలి.